బిట్లు, గైడ్లు, కాస్త రసాయనశాస్త్రం

సంక్రాంతి వెళ్ళిందంటే చాలు, పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఒక మాట వినబడడం మొదలవుతుంది: "లెక్కలు సాధన చెయ్యాలి, కెమిస్ట్రీ బట్టీ పట్టాలి." ఈ వాక్యంలోని రెండో సగంతోనే నాకు పేచీ. చెప్పేవారు పిల్లల మేలు కోరే తల్లిదండ్రులు, గురువులు, ట్యూషను మాస్టర్లు. అంతమంది హితైషులు ఒకే మాట చెబుతుంటే పిల్లవాడు నమ్మక ఏం చేస్తాడు? పదిహేనేళ్ళకే "నాకు జ్ఞాపకశక్తి తక్కువ, కనుక కెమిస్ట్రీ రాదు" అని తన మీద తానే తీర్పు రాసుకుంటాడు. ఆ తీర్పును తర్వాత ఎవరూ కొట్టివేయలేరు.

మా ఎదురింటి అబ్బాయి ఉష్ణమోచక చర్య నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "మరి సున్నంలో నీళ్ళు పోస్తే ఎందుకు కుతకుతలాడుతుంది?" అని అడిగాను. "అది ఇంపార్టెంట్లలో లేదంకుల్" అన్నాడు. వాడు అప్పజెప్పిన నిర్వచనానికి ఉదాహరణే అది! వాడి తప్పు ఏమీ లేదు. వాడి చేతికి పాఠం ఇవ్వకుండా, పాఠంలోంచి ఏరిన ముక్కలను ఇచ్చినవారిది తప్పు.

ఆ సున్నాన్నే తీసుకుందాం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే (ఇది ఇటుకబట్టీ వంటి బట్టీ, మన పిల్లల బట్టీ కాదు) కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. ఇది వియోగం. వేడి ఇస్తేనే జరుగుతుంది కనుక ఉష్ణగ్రాహకం. పొడిసున్నానికి నీళ్ళు కలిపితే తడిసున్నం. ఇది సంయోగం, వేడి బయటికి వస్తుంది కనుక ఉష్ణమోచకం. ఆ తడిసున్నాన్ని గోడకు కొడితే రెండు మూడు రోజుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని, నీటిని వదిలి, మళ్ళీ సున్నపురాయే అవుతుంది. గోడకు ఆ మెరుపు అందుకే. ఇప్పుడు తూకం చూడండి. 100 గ్రాముల సున్నపురాయి 56 గ్రాముల పొడిసున్నం, 44 గ్రాముల వాయువు అవుతుంది. 56కు 18 గ్రాముల నీరు కలిస్తే 74. ఆ 74కు గాలిలోంచి 44 చేరి, 18 గ్రాముల నీరు పోతే, తిరిగి 100. ఎక్కడా ఒక గ్రాము తగ్గలేదు, ఒక గ్రాము పెరగలేదు. ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే, సమీకరణాన్ని తుల్యం చేయడం వెనక ఉన్న కారణమూ ఇదే. తడిసున్నం క్షారమని రుజువు కావాలా? పసుపులో కలపండి, పారాణి ఎరుపు వస్తుంది. ఒక్క సున్నపు గోడలో ఇన్ని సంగతులున్నాయి. గైడు వీటిని వేరు వేరు పేజీల్లో, వేరు వేరు ప్రశ్నలుగా విడగొట్టి, ఒకదానికొకటి బంధుత్వం లేకుండా చేసి అమ్ముతుంది. విడివిడిగా అయితే అవి భారమే. కలిపి చూస్తే ఒకే కథ.

భారం అంటే గుర్తొచ్చింది. పిల్లల భారం తగ్గించే పేరుతో పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోంచి ఆవర్తన వర్గీకరణ అధ్యాయాన్నే తీసేశారు. 2023లో వచ్చిన పుస్తకంలో అది లేదు. పదకొండో తరగతిలో చదువుకోవచ్చునట! మెండలీవ్ 1869లో పట్టిక వేసి అందులో కొన్ని గళ్ళు ఖాళీగా వదిలాడు. 1875లో గాలియం, 1886లో జర్మేనియం దొరికి ఆ గళ్ళలో కూర్చున్నాయి. ఒక మూలకం స్వభావాన్ని దాని ఇరుగుపొరుగును బట్టి ఊహించవచ్చని చెప్పే పట్టిక అది. జ్ఞాపకం మీది బరువును దించే సాధనాన్నే బరువని తీసిపారేయడం, నిచ్చెన బరువుగా ఉందని దాన్ని వదిలేసి గోడ ఎక్కమనడం.

"బట్టీ వద్దంటే మార్కులెలా వస్తాయి?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కంఠతా రావలసినవి కొన్ని ఉన్నాయి, కాదనను. మూలకాల సంకేతాలు, సంయోజకతలు, అయాన్ల ఆవేశాలు నోటికి రావాలి. ఇవి అక్షరమాల వంటివి. కానీ అక్షరమాల వచ్చిన తర్వాత వాక్యాలను కూడా బట్టీ పట్టించే భాషాబోధన ఎక్కడైనా ఉందా? సోడియం, క్లోరిన్ సంయోజకతలు తెలిసినవాడు ఉప్పు ఫార్ములా కట్టుకోగలడు. వందల ఫార్ములాలు మోయనక్కరలేదు.

ఇక చదివే పద్ధతి. పదిసార్లు చదివితే వస్తుందన్నది పెద్దల నమ్మకం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని పరీక్షించారు. ఒక పాఠ్యభాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత బాగానే చెప్పారు. వారం తర్వాత వారికి గుర్తున్నది 40 శాతం. ఒక్క విడత చదివి, చూడకుండా పదే పదే గుర్తు తెచ్చుకుని రాసినవారికి 61 శాతం. పరీక్ష అయిదు నిమిషాల తర్వాత ఉండదు కదా!

కనుక నేను చెప్పేది ఇంతే. పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూయాలి. గుర్తున్నంత కాగితం మీద పెట్టాలి. పుస్తకం తెరచి, తప్పిన చోట ఎర్రగీత గీయాలి. రెండు రోజులు ఆగి, ఎర్రగీత పడినవాటినే మళ్ళీ రాయాలి. రోజుకు నాలుగు సమీకరణాలు చేత్తో తుల్యం చేయాలి. ప్రయోగం బొమ్మ చూడకుండా గీసి, ప్రతి పరికరం పక్కన "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని రాసుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు చివరి నెలలో, గడియారం పెట్టుకుని చేయాలి. అవి మొదట పట్టుకుంటే గైడుకు తమ్ముళ్ళే. పొడిసున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, అది కంటికీ చర్మానికీ ప్రమాదం. పెద్దలే చేసి దూరం నుంచి చూపండి.

అరవైమంది ఉన్న తరగతిలో ఇదంతా ఎవరు చేయిస్తారని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన బాధ నిజం. తాళం తీయని ప్రయోగశాలలూ, ముగియని సిలబసూ ఆయన సృష్టించినవి కావు. కానీ పుస్తకం మూసి రాయమనడానికి ప్రయోగశాల అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. ఇద్దరు పిల్లలు కాగితాలు మార్చుకుని దిద్దుకుంటే ఉపాధ్యాయుడి సమయమూ పోదు. చింతపండు పెట్టి తోమితే రాగిచెంబు ఎందుకు మెరుస్తుందో అడగడానికి అనుమతి ఉత్తర్వు కూడా రానక్కరలేదు.

మార్కులను నేను చిన్నచూపు చూడడం లేదు. బీద ఇంటి పిల్లవాడికి ఆ మార్కులే తలుపు. ఆ తలుపు దగ్గర ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మొదట తడబడేది బట్టీ పట్టినవాడే. ఇంట్లో పదో తరగతి పిల్లలున్న మిత్రులు ఈ రాత్రి "ఎన్ని పేజీలు అయ్యాయి?" అని అడగకండి. "పుస్తకం మూసి ఒక్కటి చెప్పు" అనండి. వినడానికి పది నిమిషాలు కూర్చోండి. కాదనేవారుంటే వ్యాఖ్యల్లో తగవులాడండి, నేను సిద్ధం.