ధర కాదు, దాడి ఖర్చు అడగండి

కొత్త క్రిప్టో కాయిన్ గురించి ఎవరు చెప్పినా ధరతోనే మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈ కాయిన్ లెక్కలను తారుమారు చేయాలంటే ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు తక్కువైతే ఎంత గొప్ప టెక్నాలజీ అయినా మన సొమ్ముకు రక్షణ లేనట్టే.

ఇథీరియం క్లాసిక్ సంగతే చూడండి. 2016లో ఇథీరియంపై నడిచే ‘డావో’ అనే నిధి దోపిడీకి గురైంది. పోయిన సొమ్ము వెనక్కి తెచ్చేందుకు ఇథీరియం తన లెక్కను మార్చుకుంది. ఒకసారి రాసింది చెరపకూడదన్నవాళ్లు పాత చైన్‌లోనే, అంటే మార్చని లెక్కలోనే, ఉండిపోయారు. అదే క్లాసిక్. అంత పట్టుదలతో నిలబెట్టుకున్న లెక్కనే 2019 జనవరిలో ఒకసారి, 2020 ఆగస్టులో మూడుసార్లు దుండగులు తిరగరాశారు.

ఇందుకోసం వాళ్లు ఏ పాస్‌వర్డూ దొంగిలించలేదు. కంప్యూటర్లు పోటీపడి లెక్క రాసే మైనింగ్ పద్ధతిలో, మొత్తం కంప్యూటర్ శక్తి సగానికి మించి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు రాసిందే లెక్క. అప్పట్లో రెండు కాయిన్లూ దాదాపు ఒకే రకం యంత్రాలతో నడిచేవి. ఇథీరియం దగ్గర ఉన్న శక్తిలో చిన్న వాటా చాలు, క్లాసిక్‌ను లొంగదీసుకోవడానికి. ఆ శక్తి గంటల లెక్కన అద్దెకు దొరికేది. 2020 ఆగస్టు మొదటి దాడిలో దుండగుడు ఒకపక్క కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీకి కాయిన్లు పంపాడు. మరోపక్క, ఆ కాయిన్లు తన దగ్గరే ఉన్నట్టు చూపే వేరే చైన్‌ను గుట్టుగా తయారుచేశాడు. అందులో మూడు వేలకు పైగా బ్లాకులు (లావాదేవీల కట్టలు) సిద్ధమయ్యాక దాన్ని బయటపెట్టాడు. ఎక్కువ కంప్యూటర్ శక్తి ఖర్చయిన చైనే చెల్లుతుంది కాబట్టి ఎక్స్ఛేంజీకి చేరిన జమ మాయమైంది. బిట్‌క్వెరీ సంస్థ విశ్లేషణ ప్రకారం యంత్రాల అద్దె సుమారు రెండు లక్షల డాలర్లు, దోచుకున్నది సుమారు 56 లక్షల డాలర్లు.

రెండో ప్రశ్న: కోడ్‌ను ఎవరు పరీక్షించారు? జీక్యాష్ అనే కాయిన్‌ను రూపొందించినవాళ్లు క్రిప్టోగ్రఫీలో పేరున్న నిపుణులు. అయినా దొంగ నాణేలు ఎన్నైనా పుట్టించుకోగల లోపం అందులో ఏళ్ల తరబడి ఉండిపోయింది. 2018 మార్చిలో వాళ్ల సొంత నిపుణుడు ఏరియల్ గాబిజోన్ దాన్ని పట్టుకున్నారు. అక్టోబరులో సరిదిద్ది, 2019 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. దాన్ని ఎవరైనా వాడుకున్న ఆనవాళ్లు లేవన్నారు. అంతటివాళ్ల కంటికే అది ఇన్నాళ్లు చిక్కలేదంటే, బయటివాళ్లెవరూ తెరిచి చూడని కోడ్‌ను ఏ ధైర్యంతో నమ్ముతాం?

మూడో ప్రశ్న: ఆపే అధికారం ఎవరిది? 2020 ఫిబ్రవరిలో ఐయోటా అనే కాయిన్ వాలెట్లలో దొంగతనం జరిగితే, దాన్ని నడిపే ఐయోటా ఫౌండేషన్, లావాదేవీలను ఖరారు చేసే తన కోఆర్డినేటర్‌ను నిలిపేసింది. దాదాపు నెల రోజులు లావాదేవీలు ఖరారు కాలేదు. వినియోగదారులను కాపాడటానికే ఆ పని చేశారు, నిజమే. కానీ ఒక సంస్థ మొత్తం నెట్‌వర్క్‌ను ఆపగలిగినప్పుడు దానికి ‘వికేంద్రీకృతం’ అన్న పేరు చెల్లదు.

మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది. పన్ను వసూలు చేస్తున్నారు కదా అని ప్రభుత్వం భద్రతకు పూచీ పడిందనుకోవద్దు. ఒక కాయిన్‌లో పోగొట్టుకున్నది మరో కాయిన్ లాభంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు. నష్టం పూర్తిగా మన నెత్తినే.

కోడ్ చదవలేనివాళ్లు కూడా చూసుకోగలిగిన గుర్తు ఒకటుంది. జమ అయిన కాయిన్లను వాడుకోనిచ్చే ముందు ఎక్స్ఛేంజీ ఎన్ని కన్ఫర్మేషన్ల దాకా, అంటే ఆ జమ మీద ఎన్ని కొత్త బ్లాకులు చేరేదాకా, ఆగుతోంది? 2020 దాడుల తర్వాత కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజీ క్లాసిక్ విషయంలో ఆ గడువును సుమారు రెండు వారాలకు పెంచింది. ఇది ప్రచారం కాదు. తన డబ్బు పోకూడదనుకున్న సంస్థ వేసుకున్న అంచనా. కష్టపడి సంపాదించిన మన సొమ్ము విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం.