ద్రాక్షారామంలో చూడదగినవి

పోయిన కార్తీకంలో మా పెద్దమ్మతో కలిసి పంచారామాల యాత్రకు వెళ్లాను. నాకు భక్తి లేదని ఆవిడకు తెలుసు. అయినా "అన్నేళ్లు చదివావు గదే, గుళ్లో రాళ్ల మీద ఏవుందో చదివి చెబుదువు గాని, రా" అని బయల్దేరదీసింది. ఒక ప్రైవేటు ట్రావెల్సు వాళ్ల బస్సు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అయిదూ ఒక్క రోజులో చూపించి దింపేస్తారు. బస్సు నిండా ఆడవాళ్లే. మగవాళ్లు ఏడెనిమిది మంది ఉంటారేమో, అందులో ఇద్దరు డ్రైవర్లు, ఒకరు గైడు.

ద్రాక్షారామానికి కేటాయించింది ముప్పావు గంట. బస్సు దిగకముందే గైడు చూడవలసినవన్నీ ఏకరువు పెట్టాడు. చాళుక్య భీముడు కట్టించిన గుడి. రెండంతస్తుల ఎత్తు లింగం, పై అంతస్తు ఎక్కి చూడాలి. మాణిక్యాంబ అమ్మవారు, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. సప్తగోదావరి గుండం. అంతా అయ్యాక గొంతు కాస్త తగ్గించి, "ఈ ఊరు ఒకప్పుడు ఇంకోదానికి కూడా ఫేమసండీ. సానులు. మూడొందల మంది ఉండేవారంట" అని కన్నుగీటాడు. మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు కొంగు సర్దుకున్నారు. మా ముందు సీట్లో ఉన్న ఒకామె మాత్రం కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆమె సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కన్నుగీటడం గురించి మాట్లాడాలి. అది ఆ కుర్రాడు కనిపెట్టింది కాదు. దాని వయసు దాదాపు ఆరు వందల ఏళ్లు.

15వ శతాబ్దంలో రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడు ఈ క్షేత్రం మీద భీమేశ్వర పురాణం రాశాడు. ఒక రకంగా ద్రాక్షారామానికి మొదటి టూరిస్టు గైడు ఆయనే అనుకోవచ్చు. తెలుగు ఎమ్మే చదివిన వాళ్లందరికీ నోటికొచ్చే ఆయన పద్యం ఒకటుంది. తన సాహిత్యం ఎంత గొప్పదో చెప్పుకోడానికి అందులో ఆయనకు దొరికిన సింహాసనం ఈ ఊరి వేశ్యల వక్షస్థలం. ఆ పద్యంలో సమాసం ఎంత బిగువుగా ఉందో నాకు పాఠం చెప్పిన పెద్దలు గంటసేపు వివరించారు. ఆ స్త్రీలు ఎవరు, ఏం తినేవారు, వాళ్ల పేర్లేమిటి అని ఎవరూ అడగలేదు. క్లాసులో ఆడపిల్లలం తల వంచుకుని కూర్చున్నాం. నేనూ అడగలేదు.

అడిగి ఉంటే జవాబు ఉంది. అదే గుడిలో, రాతి మీద ఉంది.

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటి పాఠాలు 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ఎక్కువ భాగం దీపాల లెక్కలే. ఫలానా సంవత్సరం, ఫలానా వారు, భీమేశ్వరుడికి ఒక అఖండ దీపం పెట్టారు. ఒక దీపానికి మామూలుగా 50 గొర్రెలు ఇస్తారు. ఆ గొర్రెలను బోయలకు అప్పగిస్తారు. ఆ బోయడు, అతని తర్వాత అతని బిడ్డలు, రోజుకొక మానెడు నెయ్యి గుడికి పోస్తూ ఉండాలి. ఈ దాతల్లో రాజులూ సేనానులూ మాత్రమే కాదు, స్త్రీలూ ఉన్నారు. రాణులు, సామంతుల భార్యలు సరే. గుడి సానులు కూడా ఉన్నారు. తమ పేరు చెప్పుకుని, తమ ఆస్తి ఇచ్చి, రాతి మీద రాయించుకున్నారు.

గైడు చెప్పిన మూడొందలు కూడా ఉత్త పుకారేమీ కాదు. "సానిమున్నూరు" అన్న మాట కోస్తా శాసనాల్లో కనిపిస్తుంది. మున్నూరు అంటే మూడు వందలు. అది గుడి సానుల బృందానికి పేరు. సాని అన్న మాటే స్వామిని నుంచి వచ్చిందంటారు. ఆ కాలంలో దొరల ఇంటి ఆడవాళ్ల పేర్ల చివరా సాని ఉంది, గుడి స్త్రీల పేర్ల చివరా ఉంది. ఈనాటికీ దొరసాని అంటే గౌరవం. ముందున్న దొరను తీసేసి ఉత్త సాని అంటే తిట్టు. మగవాడి పేరు అంటుకుని ఉంటే మర్యాద, లేకపోతే బూతు. పితృస్వామ్యం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మన శిక్షణ తరగతుల్లో ఎన్ని చార్టులు గీశామో! ఈ ఒక్క మాట చాలు.

నేను అచ్చు పాఠం కొన్ని పేజీలు జిరాక్సు తీయించి సంచిలో పెట్టుకున్నాను. చేతులు తగిలి తగిలి నున్నబడ్డ అక్షరాలు అవి, తొందరగా అందవు. టార్చిలైటు వెలుగులో అరగంట వెతికితే ఒక స్తంభం మీద ఒక స్త్రీ పెట్టిన దీపం దొరికింది. పెద్దమ్మకు చదివి చెప్పాను. ఆవిడ ఆ రాయి మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకుని, "అయితే ఈవిడికి సొంతంగా యాభై గొర్రెలుండేయా?" అంది.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా తాతకు నాలుగెకరాల మాగాణి ఉండేది. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ చట్టం వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు వర్తించదని అదే చట్టంలో రాసుంది. పెద్దమ్మకు అప్పటికి పెళ్లయి పదేళ్లు. ఆ తేడాను 2005లో కేంద్రం చేసిన సవరణ తీసేసింది. అప్పటికి పొలం అమ్మేశారు, డబ్బు మామయ్యలు పంచుకున్నారు. ఈ పంచారామాల బస్సు టికెట్టు కూడా ఆవిడ కొడుకు కొన్నదే. శాసనంలోని స్త్రీ చేతిలో గొర్రెల మంద ఉంది, ఈవిడ చేతిలో కొబ్బరికాయ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గుడి సానుల కాలం స్త్రీలకు స్వర్ణయుగం అని నేననడం లేదు. ఊహ తెలియని పిల్లను దేవుడికిచ్చి, ఆమె శరీరాన్ని ఊరి పెద్దమనిషికి అప్పగించిన వ్యవస్థను సమర్థించే పని మనది కాదు. ఈ మధ్య కొందరు మేధావులు దేవదాసీలను స్వేచ్ఛా మహిళలుగా చిత్రిస్తున్నారు. వాళ్లు ఒక్కసారి జోగినీ స్త్రీలతో మాట్లాడాలి. దళిత బాలికలను జోగినులుగా మార్చడం ఆగలేదు గనుకే 1988లో రాష్ట్రం మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. ఇంకొకటి. అదే శాసనంలో నెయ్యి పోయాల్సిన బోయడి పేరుంది. ఆ గొర్రెల పాలు పితికి, కాచి, చిలికి, నెయ్యి తీసింది ఎవరు? బోయడొక్కడే చిలికాడని నేను నమ్మను. దాత అయిన స్త్రీకి రాయి దక్కింది, చిలికిన స్త్రీకి అదీ దక్కలేదు. స్త్రీలందరినీ ఒకే గాటన కట్టి "మన గత వైభవం" అని మురిసిపోతే ఈమె మళ్లీ మాయమవుతుంది.

అమ్మవారి గుడి దగ్గర గైడు దక్షయజ్ఞం కథ చెప్పాడు. దక్షుడి యజ్ఞం ఇక్కడే జరిగిందట, అందుకే దక్షారామం. పిలవని పేరంటానికి పుట్టింటికి వచ్చిన కూతుర్ని తండ్రి అందరి ముందూ అవమానిస్తే ఆమె మంటల్లో కాలిపోయింది. ఆ శవం ముక్కలై ఎక్కడెక్కడ పడిందో అవి పీఠాలు. ఇక్కడ పడింది చెంప అని చెబుతూ అతను తన చెంప చూపించాడు. నా పక్కన నిలబడ్డ ముసలావిడ కళ్లొత్తుకుంది. "పుట్టింటోళ్లే చూడకపోతే ఆడదానికి ఇంకేవుంది తల్లీ" అంది. స్టవ్ పేలి పోయిందని చెప్పిన ఎంతమంది ఆడపిల్లల కేసుల్లో మనం పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగలేదు? పుట్టింటికి వస్తే "సర్దుకుపో" అని వెనక్కి పంపిన తండ్రులను ఎంతమందిని చూడలేదు? ఆ ముసలావిడకు ఆ కథలో తన బతుకు కనిపించింది. గైడుకు శక్తిపీఠం నంబరు కనిపించింది. మనకేమో మూఢనమ్మకం మాత్రమే కనిపిస్తోందా అని నన్ను నేను అడుగుతున్నాను.

ఇప్పుడు కిటికీ వైపు తిరిగిపోయిన ఆమె గురించి. ఎవరో, ఏ ఊరో, ఏం చేస్తుందో రాయను. సామర్లకోట దారిలో నా చేతిలో జిరాక్సు కాగితాలు చూసి పక్కకొచ్చి కూర్చుంది. వాళ్ల అమ్మమ్మ గోదావరి జిల్లాలో ఒక గుడిలో ఆడిన మనిషి. ఆ సంగతి తన అత్తింటివారికి ఈనాటికీ తెలియదు. అమ్మమ్మ గజ్జెలు ఒక డబ్బాలో ఉండేవట. ఈమె పెళ్లి కుదిరిన వారం వాళ్ల అమ్మ వాటిని గోదావరిలో వదిలేసిందట. "మేడమ్, ఆ కాగితంలో వాళ్ల పేర్లున్నాయా? గౌరవంగానే రాశారా?" అని అడిగింది.

ఆ గజ్జెలు నీళ్లలో పడడానికి కారణమైన వాళ్లలో మనం గౌరవించే వాళ్లూ ఉన్నారు. కందుకూరి వీరేశలింగం సానిమేళాల మీద చేసిన యుద్ధం మనకు పాఠ్యపుస్తకాల్లో సంస్కరణ. ఆయనే ముద్దుపళని కావ్యాన్ని బూతని తీసిపారేశారు. 1910లో దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పుస్తకాన్ని పట్టుబట్టి అచ్చు వేయిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. అదే 1947లో మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. కావ్యం విడుదలైంది, ఆడే స్త్రీ ఆగిపోయింది. చట్టం అవసరమే. కళావంతుల్లోంచే వచ్చిన యామినీ పూర్ణతిలకమ్మ లాంటివాళ్లు 1920లలోనే ఆ వ్యవస్థ పోవాలని పనిచేశారు. కాని పోవాల్సింది అంకితం చేసే ఆచారం. పోయింది ఆ స్త్రీల బతుకుతెరువు, విద్య, తలెత్తుకు తిరిగే వీలు. వాళ్ల దగ్గరకు చాటుగా వెళ్లిన పెద్దమనుషుల ఇంటిపేర్లకు ఏ మచ్చా అంటలేదు. కులం పేరు సర్కారు జాబితాలో సూర్యబలిజగా మారింది. తిట్టు మాత్రం మారలేదు.

తర్వాత కథ ఇంకా విచిత్రం. గుడిలో ఆడిన స్త్రీల నాట్యాన్ని నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యం అన్నారు. బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ దగ్గర నేర్చుకుని స్వప్నసుందరి విలాసినీ నాట్యం అన్నారు. ఇద్దరి కృషినీ తక్కువ చేయను, వాళ్లు లేకపోతే ఆ అడుగులు కూడా మిగిలేవి కావు. అయినా అడగక తప్పదు. ఆ అడుగులు ఇప్పుడు మర్యాదస్తుల ఇళ్ల పిల్లలు వేదికల మీద వేస్తుంటే వారసత్వం. అవే అడుగులు తెలిసిన ముసలమ్మలు తలుపులు వేసుకుని వేసుకుంటే అపకీర్తి. కోనసీమ కళావంతుల ఇళ్లలో ఇలా తలుపుల వెనకే బతికిన పాటల గురించి, అభినయం గురించి పరిశోధకుడు దవేష్ సొనేజీ 2012లో పుస్తకమే రాశారు. ఇంగ్లీషులో. ఆ ఇళ్లవాళ్లు చదవలేని భాషలో.

ఈ యాత్ర గురించి చెబితే మా సంఘం మిత్రురాలొకామె, "వరకట్న కేసులు మూలుగుతుంటే నువ్వు గుళ్లు తిరుగుతున్నావా?" అంది. ఆమె కోపం నాకు అర్థమయింది. కాని కార్తీక సోమవారం నాడు ఈ గుళ్లకు వచ్చేంత మంది ఆడవాళ్లు మన సభలకు ఏనాడైనా వచ్చారా? వాళ్లతో మాట్లాడే పనిని పూర్తిగా మతతత్వవాదులకు వదిలేశాం. వాళ్లు తీరిగ్గా మాట్లాడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా తిరగొచ్చు. ఆ పథకం పేరు స్త్రీ శక్తి. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చిన సంఘటన పేరు కూడా స్త్రీ శక్తే. పేరు ప్రభుత్వానికి పోయింది, పోనీ. చరిత్ర చెప్పే పని కూడా పోవాలా? మొగుణ్ని చార్జీ అడగకుండా ద్రాక్షారామం చేరగలిగిన ఆడమనిషికి అక్కడ ఏం చూపిస్తున్నామన్నది మన ప్రశ్న కాకపోతే ఎవరి ప్రశ్న?

నేననేది పెద్ద కోరికేం కాదు. దీపాలు పెట్టిన స్త్రీల పేర్లు అందరూ చదవగలిగే తెలుగులో అక్కడ ఒక బోర్డు మీద ఉండాలి. సాని అన్న మాటకు అర్థం రాసి ఉండాలి. నెయ్యి చిలికిన చేతుల గురించి ఒక వాక్యం ఉండాలి. ఊరు చూపించే పని ఆ ఊరి డ్వాక్రా సంఘాల స్త్రీలకు నేర్పాలి, వాళ్లు కన్నుగీటరు. బోర్డుతో ఏమవుతుందని తీసిపారేయకండి. ద్రాక్షారామం 2022లో చేరిన జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చారని ఆ మే నెలలోనే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఎవరి పేరు రాసి ఉండొచ్చన్నది అక్కడ ఆషామాషీ వ్యవహారం కాదు.

వచ్చే కార్తీకంలో మళ్లీ వెళుతున్నాను. ట్రావెల్సు బస్సులో కాదు, రామచంద్రపురం మీదుగా మామూలు బస్సులో, ద్రాక్షారామం ఒక్కటే, రోజంతా. పెద్దమ్మ తన ఈడువాళ్లను ఆరుగురిని పోగేసింది. ముందు సీటు ఆమె కూడా వస్తానంది, అత్తగారికి పంచారామాలని చెబుతుందట. రాదలచినవాళ్లు దసరాలోగా పత్రికకు ఉత్తరం రాయండి. శాసన పాఠాలు జిరాక్సులు నేను తెస్తాను. టార్చిలైట్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.