తెర పడ్డాక మల్లుదొర

మే మొదటి వారంలో అల్లూరి సీతారామరాజును తలపించే తేదీలు రెండున్నాయి. 1924 మే 7న కొయ్యూరులో తెల్లవాళ్ల తూటాకు ఆయన నేలకొరిగారు. సరిగ్గా యాభై ఏళ్లు నిండబోతుండగా, 1974 మే 1న ఆయన పేరుతో కృష్ణ సినిమా విడుదలైంది. నిజానికి మనలో చాలామందికి మొదటి తేదీ గుర్తుండటానికి రెండోదే కారణం. కాషాయం, గడ్డం, విల్లంబులు అనగానే కళ్లముందుకొచ్చేది కృష్ణ ముఖమే. అందులో చిన్నతనమేమీ లేదు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మిగిలిపోవాల్సిన మనిషిని ఇంటింటి మనిషిని చేసింది ఆ సినిమా.

తెలుగులో అది తొలి సినిమాస్కోప్ చిత్రం, కృష్ణకు నూరో చిత్రం. నిర్మాణం పూర్తికాకముందే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూస్తే, మిగిలిన భాగాన్ని కృష్ణే భుజాన వేసుకున్నారు. అయినా దర్శకుడిగా రామచంద్రరావు పేరే ఉంచారు. త్రిపురనేని మహారథి మాటలు, జాతీయ పురస్కారం అందుకున్న శ్రీశ్రీ పాట ఇప్పటికీ జనం నోట నానుతున్నాయి.

ఎంత మంచి సినిమాకైనా ఒక ఇబ్బంది తప్పదు. నాయకుడి ప్రాణం పోయిన చోట కథ ముగిసిపోవాలి. మన్యం కథ మాత్రం రాజుతో మొదలవలేదు, రాజుతో ముగియలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు కొట్టుకునే చేతులను కట్టేసింది. తాతల నాటి అడవిలోనే గిరిజనులు దొంగలయ్యారు. ఘాట్ రోడ్డు పనుల్లో వెట్టి, చాలీచాలని కూలి, తహసీల్దారు బాస్టియన్ దాష్టీకం దానికి తోడయ్యాయి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు జరిగాయంటే, వాటి వెనుక నలభై ఏళ్ల ఉక్రోషం ఉంది. రాజు దానికి దారి చూపారు. నడిచినవాళ్లు ఎందరో.

ఆ నడిచినవాళ్లలో గాం సోదరులు గంటందొర, మల్లుదొర ముఖ్యులు. సినిమాలోనూ వాళ్లు కనిపిస్తారు. రాజు పోయిన కొన్నాళ్లకే గంటందొర కూడా పోరులోనే ప్రాణాలు విడిచారు. అంతకుముందే పట్టుబడిన మల్లుదొరను అండమాన్ జైలుకు పంపారు. అక్కడి నుంచి ఆయన ప్రాణాలతో తిరిగొచ్చారు. 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. తుపాకీ పట్టి తెల్ల సర్కారును ఎదిరించిన మన్యం మనిషి, జనం ఓట్లతో దిల్లీలో కూర్చున్నారు!

ఇంతటి మలుపు మహారథి కలానికైనా సవాలే. కానీ ఇలాంటి కథకు పతాక సన్నివేశం కుదరదు. తూటాకు ఎదురు నిలిచిన గుండెను తెర మీద చూపించడం తెలిసిన పని. జైలు నుంచి వచ్చి, ముసలితనంలోకి నడుస్తూ, స్వరాజ్యం వచ్చాక తనవాళ్లకు ఏం దక్కిందో లెక్క చూసుకునే మనిషిని చూపించడం కష్టం. అందుకే అమరులైనవాళ్లు మనకు గుర్తుంటారు, బతికి బయటపడినవాళ్లు మరుగున పడతారు. ఇది దర్శకుల తప్పు కాదు. చూసేవాళ్లం మనమూ చప్పట్లు కొట్టగల ముగింపునే కోరుకుంటాం.

రాజు పేరిట ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఒక జిల్లా ఉంది. పోడు భూమికి పట్టా, కొండ మీదికి రోడ్డు అనే మాటలు అక్కడ నేటికీ అర్జీల్లో కనిపిస్తాయి. మరోసారి ఆ సినిమా టీవీలో వస్తే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తప్పక చూద్దాం. ఆఖరి సన్నివేశం అయ్యాక ‘తర్వాత ఏమైంది?’ అని వాళ్లు అడిగితే, మల్లుదొర గురించి చెబుదాం. అడగకపోయినా చెబుదాం.