ఎండకు తగిన కొలువు బట్టలు

మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఏ నగల దుకాణం ముందైనా కాపలా మనిషిని ఒకసారి పరికించి చూడండి. మెడకు టై, ముదురు నీలం ప్యాంటు, మణికట్టు దాకా గుండీలు పెట్టిన పాలిస్టర్ చొక్కా, బిగుతు బెల్టు, బూట్లు. చెమట పట్టి, ఆరి, మళ్లీ పట్టి, వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉంటాయి. కొనేవాళ్లకు తలుపు తీసినప్పుడల్లా లోపలి చల్లగాలి అతని మొహానికి తగులుతుంది, అంతే. పన్నెండు గంటల డ్యూటీ అయ్యేసరికి మెడ చుట్టూ చెమటకాయలు, తొడలు ఒరుసుకుపోయి మంట.

కొలువుకు తగిన బట్టలంటే చూసేవాళ్ల కంటికి హుందాగా ఉండాలన్నది ఒక్కటే కొలత అయిపోయింది. వేసుకునే ఒంటి సంగతి, చేసే పని సంగతి, పైనున్న ఎండ సంగతి ఎవరికీ పట్టడం లేదు. పాలిస్టర్ చెమట పీల్చదు. చవక, ఇస్త్రీ బాధ లేదు, త్వరగా చిరగదు కాబట్టి యూనిఫాం కొనేవాళ్లు దాన్నే ఎంచుకుంటారు. వాళ్లు చెప్పే కారణాలు నిజమే. కానీ ఆ సుఖమంతా కొనేవాళ్లది, ఉక్క మాత్రం తొడుక్కునేవాళ్లది.

మర్యాద చెడకుండా నియమం సడలించవచ్చని న్యాయవాదుల రంగమే ఒప్పుకుంది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోనే ఉంది. జపాన్ ప్రభుత్వం 2005లో ‘కూల్ బిజ్’ పేరుతో వేసవిలో ఆఫీసుల ఏసీలను 28 డిగ్రీల దగ్గర ఉంచమని, టై, కోటు మానేయమని చెప్పింది. ప్రధాని, మంత్రులే ముందు టై విప్పేసి కనిపించారు. పైవాళ్లు విప్పితేనే కిందివాళ్లకు ధైర్యం వస్తుంది, ఎక్కడైనా.

మన దగ్గర బట్టకేం కొదవ? గుంట మగ్గం మీద నేసే మంగళగిరి నూలు ఉంది, పొందూరు ఖద్దరు ఉంది, నారాయణపేట చీరలున్నాయి. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, ఎండలో నడిచి బడికెళ్లి, సాయంత్రం దాకా నిలబడి పాఠం చెప్పిన టీచరమ్మలను మన ఊళ్లన్నీ ఎరుగును. వాళ్ల హుందాతనానికి ఏ లోటూ రాలేదు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం నాడు అధికారులు నేత బట్టలు కట్టుకుని ఫొటోలు దిగడం మంచిదే. అదే నూలు చొక్కా ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాడికి కూడా అందితే ఇంకా మంచిది.

భద్రతా ఏజెన్సీలతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఆసుపత్రులు, కాలేజీలు, బ్యాంకులు ఒక మాట చేర్చవచ్చు: మార్చి నుంచి జూన్ దాకా పొట్టి చేతుల నూలు చొక్కా, టై వద్దు. బట్ట ఖరారు చేసే ముందు ఒక జత కుట్టించి, ఎండలో నిలబడే మనిషికే ఇచ్చి వారం తర్వాత ఎలా ఉందో అడగవచ్చు. ఆప్కో, టెస్కో వంటి చేనేత సహకార సంస్థల నుంచి కొంటే నేతగాళ్లకూ పని దొరుకుతుంది. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. కొన్ని ఏజెన్సీలు యూనిఫాం డబ్బులు మొదటి జీతంలోనే పట్టుకుంటాయి. ఈ పెరిగిన ఖర్చు కూడా ఆ జీతంలోంచే కోయకూడదన్న షరతు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.