లైసెన్సు ఒక పక్షానికేనా?

"సర్వేయరుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉంది, అతను స్వతంత్ర నిపుణుడు, నష్టాన్ని నిష్పక్షపాతంగా లెక్కగడతాడు. ఇక పాలసీదారుకు వేరే మనిషి దేనికి? ఆ తలుపు తెరిస్తే దళారులే దూరతారు." బీమా రంగంలో ఎవరిని కదిపినా వచ్చే జవాబు ఇదే. చాలామంది పాలసీదారులు కూడా దీన్ని నమ్ముతున్నారు. ఈ వాదన వినడానికి బాగుంటుంది కానీ పరీక్షకు నిలవదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ ప్రకారం, నిర్ణీత మొత్తం దాటిన నష్టానికి లైసెన్సున్న సర్వేయరు నివేదిక లేకుండా క్లెయిము చెల్లించకూడదు. ఆ లైసెన్సు ఊరికే రాదు. తగిన చదువు, శిక్షణ, పరీక్ష, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయమున్న సర్వేయర్ల సంస్థలో సభ్యత్వం కావాలి. గడువు తీరాక రెన్యువల్ తప్పదు. వారి నైపుణ్యం మీద నాకు పేచీ లేదు. నా ప్రశ్న వేరు. సర్వేయరును పిలిచేదెవరు? ఫీజు ఇచ్చేదెవరు? రేపు మళ్లీ పని అప్పగించేదెవరు? మూడింటికీ జవాబు బీమా కంపెనీయే. లైసెన్సు ఆ మనిషికి పని వచ్చని చెబుతుంది. ఎవరి ఉప్పు తింటున్నాడో చెప్పదు.

పైగా సర్వేయరు మాటను చట్టమే అంతిమంగా చూడలేదు. సర్వేయరు కట్టిన లెక్కకు భిన్నమైన మొత్తం చెల్లించే హక్కును అదే సెక్షన్ కంపెనీకి ఇచ్చింది. 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సర్వేయరు నివేదిక తిరుగులేనిదేమీ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది శ్రీ వేంకటేశ్వర సిండికేట్ కేసులో, తమకు నచ్చిన నివేదిక వచ్చేదాకా కంపెనీ ఒకరి తర్వాత ఒకరిని నియమించుకుంటూ పోకూడదని చెప్పింది. నివేదిక నచ్చకపోతే పక్కన పెట్టే వీలు కంపెనీకుంది. నచ్చనిది పాలసీదారుకైతే ఫిర్యాదు పట్టుకుని తిరగడమే దారి.

2015 నిబంధనల్లో సర్వేయరును పాలసీదారు కూడా నియమించుకునే అవకాశం ఉంది కదా అని కొందరు గుర్తుచేస్తారు. ఉంది, కాగితం మీద. అలా నియమితుడైనవాడు కూడా నివేదిక ఇవ్వాల్సింది కంపెనీకే. అతను పాలసీదారు పక్షాన వాదించే మనిషి కాడు. కంపెనీల పనితోనే బతికే వృత్తిలో ఉన్నవాడు వాటికి ఎదురు నిలబడి బేరమాడతాడని ఆశించడం అమాయకత్వం.

నష్టం లెక్కగట్టడమంటే టేపు పట్టుకుని గోడ కొలవడం కాదు. ఒక దుకాణంలో సరుకు విలువ 20 లక్షలు, బీమా 10 లక్షలకే ఉందనుకుందాం. 4 లక్షల సరుకు పాడైతే చేతికొచ్చేది 4 లక్షలు కాదు, 2 లక్షలే. తక్కువ బీమాకు వేసే సరాసరి కోత అది. అందుకే సరుకు విలువను సర్వేయరు ఎంతగా తేలుస్తాడన్నదే అసలు విషయం. అరుగుదల ఎంత, తడిసిన సరుకుకు ఎంత ధర పలుకుతుంది, ఏ మినహాయింపు వర్తిస్తుంది అన్న ప్రతిచోటా ఓ నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయాన్ని బట్టి రూపాయలు అటో ఇటో ఒరుగుతాయి. 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం దాకా తక్కువ బీమాను పట్టించుకోరు. ఈ సంగతి ఎంతమంది చిన్న వ్యాపారులకు తెలుసు? అప్పిచ్చిన బ్యాంకే బీమా చేయించిన చోట పాలసీ కాగితం కళ్లతో చూడనివారు కూడా ఉంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటి వేళ షాపులో బురద ఎత్తిపోసుకుంటున్న మనిషిని స్టాకు రిజిస్టరు, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు అడుగుతారు. అడగడం తప్పు కాదు. కానీ బల్లకు ఒకవైపు సర్వేయరు, క్లెయిముల విభాగం, అవసరమైతే న్యాయవాదీ ఉంటారు. రెండోవైపు నిద్రలేని ఆ మనిషి ఒక్కడే ఉంటాడు. దీన్ని సమాన పోటీ అనలేం.

అంబుడ్స్‌మన్ ఉన్నారు, వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి అంటారు. అవి గొడవ ముదిరాక వెళ్లే చోట్లు. అంబుడ్స్‌మన్ దగ్గర న్యాయవాది ద్వారా ఫిర్యాదు చేయడం కుదరదు. పైగా కేసు బలం తొలి వారంలో తీసిన ఫొటోల్లో, రాసిన జాబితాల్లో ఉంటుంది. కమిషన్ ముందుకు వెళ్లేసరికి తడిసిన సరుకు మునిసిపాలిటీ చెత్తబండి ఎక్కి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

ఇక దళారుల భయం. క్లెయిము ఇప్పిస్తామని తిరిగేవాళ్లు ఇప్పుడు మాత్రం లేరా? వారికి లైసెన్సు లేదు, వాటాకు పరిమితి లేదు, మోసం చేస్తే రద్దయ్యేదేమీ లేదు. దళారిని పుట్టించేది లైసెన్సు కాదు, అది లేకపోవడం.

అమెరికాలో పాలసీదారు తరఫున నష్టం లెక్కగట్టి కంపెనీతో మాట్లాడేవారిని పబ్లిక్ అడ్జస్టర్లు అంటారు. అక్కడి బీమా కమిషనర్ల సంఘం 2005లో రూపొందించిన నమూనా చట్టం వారికి పరీక్ష, పూచీకత్తు బాండు, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసింది. రెండేళ్లకోసారి 24 గంటల చదువు పూర్తి చేయాలి, అందులో వృత్తి నీతి కూడా ఒక పాఠం. తమ ఫీజు తప్ప ఆ క్లెయిములో మరే ఆర్థిక ప్రయోజనమూ ఉండకూడదు. నష్టం తెలిపిన 72 గంటల్లోపు కంపెనీ పాలసీ మొత్తం ఇస్తానంటే శాతం లెక్కన కమీషన్ తీసుకోకూడదు. ఫ్లోరిడాలో ప్రభుత్వం అత్యవసర స్థితి ప్రకటించిన విపత్తుల్లో తొలి ఏడాది ఫీజు 10 శాతం దాటకూడదు. ఆదివారాలు, రాత్రిపూట ఇళ్లకు వచ్చి పని అడగకూడదు.

అమెరికాలో అంతా సవ్యంగా ఉందని కాదు. అలబామా రాష్ట్రం ఈ వృత్తినే అనుమతించదు. నష్టం జరిగిన 48 గంటల దాకా అడ్జస్టర్లు పని అడగకూడదని ఫ్లోరిడా పెట్టిన నిషేధాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. ఫ్లోరిడా శాసనసభ పరిశోధన విభాగం 2010లో చేసిన అధ్యయనం కూడా అడ్జస్టరు ఉన్న క్లెయిములకు ఎక్కువ సమయం పట్టిందని చెప్పింది. అదే అధ్యయనం అడ్జస్టరు ఉన్నవారికి సాధారణంగా ఎక్కువ సొమ్ము అందిందనీ చెప్పింది. మన కంపెనీలు మొదటి మాట పట్టుకుని రెండోది మింగేస్తే కుదరదు.

ప్రీమియం పెరుగుతుందన్నది చివరి బెదిరింపు. న్యాయంగా ఇవ్వాల్సింది ఇస్తేనే ప్రీమియం పెరుగుతుందంటే, నేటి చౌక ప్రీమియాన్ని మోస్తున్నది క్లెయిములో నష్టపోయినవాళ్లేనని ఒప్పుకున్నట్టే.

కాబట్టి ఐఆర్‌డీఏఐ చేయాల్సింది స్పష్టం. పాలసీదారు ప్రతినిధికి ప్రత్యేక లైసెన్సు తేవాలి. ఒకే మనిషి రెండు పక్షాలకూ పనిచేయకుండా నిషేధించాలి. ఫీజుకు పరిమితి, బాండు, ఒప్పందం రద్దు చేసుకునే గడువు పెట్టాలి. రెన్యువల్‌ను ఫీజు కట్టి ముద్ర వేయించుకునే తంతుగా వదిలేయకుండా, ఆ వ్యక్తి మీద వచ్చిన ఫిర్యాదులు, వాటి ఫలితాలు చూశాకే లైసెన్సు పొడిగించాలి. సర్వేయర్లకూ అదే కొలత పెట్టాలి. లైసెన్సు రెండు పక్షాలకూ ఇవ్వలేనప్పుడు, ఒక పక్షం లైసెన్సును చూపించి నిష్పాక్షికత అనడం మానుకోవాలి.