కరిగిన లోహాన్ని తాకకుండా కొలవాలి

ఫలక్‌నుమా ప్యాలెస్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కంచన్‌బాగ్ దేశ రక్షణకు కీలకమైన లోహాల చిరునామా. 1973లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ మిధాని అక్కడే టైటానియం మిశ్రమాలను, సూపర్ అల్లాయ్‌లను తయారుచేస్తోంది. అక్కడి రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) రూపొందించిన 60 సింగిల్ క్రిస్టల్ టర్బైన్ బ్లేడ్లను విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందజేసినట్టు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. తయారీలో ఇంత ముందుకు వచ్చాక కొలతల మీదా అంతే శ్రద్ధ పెట్టాలి. అచ్చులో లోహం ఎలా పారుతుందో, ఎలా గడ్డకడుతుందో కంప్యూటర్ లెక్కగట్టాలంటే దాని స్నిగ్ధత, తలతన్యత, ఆవిరయ్యే తీరు తెలియాలి. ఆ అంకెలు తప్పితే లెక్కంతా తప్పుతుంది.

ఆ గుణాలను కొలవడంలో చిక్కల్లా లోహాన్ని కరిగించే మూసతోనే. 1668 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే టైటానియం సిరామిక్ మూసలోని ఆక్సిజన్‌నూ లాగేసుకుంటుంది. ఇక కొలతకు దొరికేది కలుషితమైన ద్రవమే. అందుకే చిన్న బొట్టును వాయుధారతోనో, విద్యుదయస్కాంత క్షేత్రంతోనో గాలిలో నిలిపి కరిగించే పద్ధతులు వచ్చాయి. పైరోమీటర్ దూరం నుంచే ఉష్ణోగ్రత చెబుతుంది కానీ, బొట్టు ఉపరితల ఉద్గారత తెలియకపోతే ఆ అంకెను పూర్తిగా నమ్మలేం. ఆవిరిలో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో అది చెప్పనే చెప్పదు. ఆ పని లేజర్ ఫ్లోరసెన్స్ చేస్తుంది. ఉదాహరణకు, 394.4 నానోమీటర్ల లేజర్‌ను పీల్చుకున్న అల్యూమినియం పరమాణువు 396.15 నానోమీటర్ల వద్ద కాంతిని వెలువరిస్తుంది. ఆ కాంతి తీవ్రతను బట్టి ఆవిరి సాంద్రతను లెక్కగట్టవచ్చు.

బొట్టే ధగధగ వెలుగుతుంటే ఆ సన్నని కాంతి కనిపిస్తుందా అన్న సందేహం సహజం. లేజర్‌ను నానోసెకన్ల పాటు మెరిపించి, డిటెక్టర్‌ను ఆ క్షణానికే తెరిస్తే చాలావరకు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న వాయువుతో ఢీకొని కొన్ని పరమాణువులు వెలుగివ్వకుండానే శక్తిని కోల్పోతాయన్నదీ నిజమే. గుణాలు తెలిసిన నమూనాతో సరిచూసుకోక తప్పదు. ఇక ఖర్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జపాన్, యూరప్ నడిపే లెవిటేషన్ కొలిమిలను చూసి ఇది మనకు అందని వ్యవహారమనుకోనక్కర్లేదు. వాయుధారతో బొట్టును నిలిపే పరికరం ప్రయోగశాల బల్ల మీదే ఇముడుతుంది. రక్షణ రహస్యాల మాటకొస్తే, డీఆర్‌డీఓ సాయంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వెలసిన హై ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రం పేలుడు పదార్థాలపైనే లేజర్ పరిశోధనలు చేసింది. అంత సున్నితమైన రంగంలో సాధ్యమైన సహకారం శుద్ధ లోహాల కొలతలకు అసాధ్యమేమీ కాదు. రహస్య మిశ్రమాలను రక్షణ సంస్థలే విడిగా పరీక్షించుకోవచ్చు.

లోహశాస్త్రజ్ఞులు, లేజర్ నిపుణులు ఒకే నగరంలో ఉన్నారు. వాళ్లను ఒకచోటికి చేర్చే ఉమ్మడి కొలతల కేంద్రాన్ని కంచన్‌బాగ్ పరిసరాల్లో నెలకొల్పి, విశ్వవిద్యాలయ విద్యార్థులకూ దాని తలుపులు తెరవాలి. డీఆర్‌డీఓ, రాష్ట్ర ప్రభుత్వం ఇందుకు చొరవ చూపాలి.