సిగ్నల్ నిండుగా, మాట ముక్కలుగా

ఫోన్‌లో వైఫై గీతలన్నీ వెలుగుతుంటాయి. కాల్‌లో అవతలివాళ్ల మాట మాత్రం తెగి తెగి వస్తుంది. హాస్టళ్లలో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో వైఫైని ఈ గతికి తెచ్చింది దాన్ని బిగించిన మేమే.

ఫిర్యాదు రాగానే మా మూలమంత్రం ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి’. అది పనిచేయకపోతే ఇంకో యాక్సెస్ పాయింట్ తగిలించి, పవర్ పెంచేవాళ్లం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఒకే వరండాలో ఆరు పెట్టెలు పెడితే కొన్ని ఒకే ఛానల్‌లో ఇరుక్కోక తప్పదు, ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి. పవర్ పెంచితే పెట్టె గొంతు ఫోన్‌కి వినబడింది గానీ, ఫోన్ గొంతు పెట్టెకి అందలేదు. ఇవేవీ మాకు తెలియనివి కావు. సైట్ సర్వేకి ఎవరూ డబ్బులివ్వరు, బిల్లయ్యేది పెట్టెలకే.

పాత 1 ఎంబీపీఎస్ వేగాన్నీ ఆపలేదు, ఎవరి ప్రింటరో ఆగిపోతుందని. ఆ వేగంలో 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి వెళ్లడానికి 12 మిల్లీసెకన్లు. అంతసేపూ మిగతావాళ్లంతా కాచుకోవాల్సిందే.

మాటకి ముందు దారి ఇవ్వాలన్న ఏర్పాటు 2005లోనే 802.11ఇ ప్రమాణంగా వచ్చింది. మాట, వీడియో, మామూలు డేటా, తీరిగ్గా పోయేవి, ఇలా నాలుగు క్యూలు. మాట క్యూలోది తక్కువసేపు ఆగి గాల్లోకి వెళ్తుంది. మరి మాట ఆ క్యూలోకే వెళ్తోందా అని చూసినవాళ్లం మాలో ఎందరం? వాయిస్ ప్యాకెట్ నుదుట 46 అని రాసి ఉంటుంది. బైనరీలో అది 101110. చాలా పరికరాలు సెట్టింగ్ మార్చకపోతే అందులో మొదటి మూడు బిట్లే చదువుతాయి: 101, అంటే 5. అయిదు వీడియో క్యూ, మాటకి ఆరు కావాలి. అలా మాట వెళ్లి సినిమాల క్యూలో నిలబడింది. ఏ గుర్తు ఏ క్యూలోకి వెళ్లాలో చెప్పే పట్టిక 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 పేరుతో వచ్చింది. దాన్ని మేం చదవలేదు. చదివినవాళ్లం, నడుస్తున్న నెట్‌వర్క్‌ని కెలకడం ఎందుకని ఊరుకున్నాం.

టెండర్లో కవరేజీ రాయించాం, వేగం రాయించాం. కాల్ ఎంత ఆలస్యాన్ని తట్టుకోవాలి, ఎన్ని ప్యాకెట్లు పోతే ఒప్పుకోవాలి అన్న లైను పెట్టనేలేదు. అప్పగింత రోజు స్పీడ్ టెస్ట్ చూపించి సంతకం పెట్టించుకున్నాం, పిల్లలంతా సెలవులకి వెళ్లి హాస్టల్ ఖాళీగా ఉన్నప్పుడు.